పన్నెండు బోల్టులు

పట్టకారు కొసన ఉన్న పొర కంటికి ఆనదు. దీపం వైపు వంచితే మాత్రం సబ్బు బుడగ మీద తిరిగే రంగులాంటిది మెరిసి మాయమవుతుంది. దాన్ని బొటనవేలంత ఉక్కు గిన్నె మూతికి అతికించాలి. గిన్నెలో గ్యాసు ఉంటుంది. గిన్నె చుట్టూ శూన్యం. రెంటికీ మధ్య ఈ పొర ఒక్కటే అడ్డు. ఎక్స్‌రేలు దీన్ని దాటి లోపలికి పోయి గ్యాసును తాకాలి, గ్యాసు తిరిగి ఇచ్చే వెలుగు దీన్ని దాటే బయటికి రావాలి. గట్టిగా ఊపిరి తగిలినా చిరిగిపోతుంది. అందుకే అరీజ్ ముక్కుకి గుడ్డ కట్టుకుని, మోచేతులు బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి పని చేస్తోంది.

గది తలుపు తెరిచే ఉంది. హాల్లో మాటలు వినబడుతున్నాయి.

"మూడు రోజులు! మూడు రోజుల నుంచి పంపులు తిరుగుతూనే ఉన్నాయి. అంకె మైనస్ ఏడు దగ్గర కూర్చుంది, లేవనంటోంది. మైనస్ తొమ్మిదికి దిగకపోతే రింగు వాళ్ళు మనల్ని గడప తొక్కనిస్తారా?"

ఆ గొంతు డాక్టర్ ముంజిర్‌ది, ఇర్బిద్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగాధిపతిది. ఆయన కోప్పడుతున్నది హాలు మధ్యలో ఇనప బల్ల మీద పడుకున్న ఉక్కు పీపా గురించి. దాని పేరు స్పెక్ట్రోమీటరు. లోపల ఒక అద్దం పలక ఉంది, దాని మీద మిల్లీమీటరుకి వెయ్యి పైచిలుకు గీతలు. గ్యాసు ఇచ్చే వెలుగు ఆ గీతల మీద పడి విడిపోతుంది. ఎలా విడిపోయిందో చూస్తే గ్యాసు గుట్టు తెలుస్తుంది. అయితే పీపాలో గాలి ఉండకూడదు, గాలి తగ్గేకొద్దీ మీటరు అంకె మైనస్‌లో కిందికి దిగుతుంది. గాలి ఉంటే రింగు వాళ్ళు, అంటే ఎక్స్‌రేలు పుట్టించే రింగాకారపు పెద్ద యంత్రాన్ని నడిపేవాళ్ళు, తమ ఎక్స్‌రే గొట్టానికి దీన్ని తగిలించనివ్వరు. ఇవాళ ఆదివారం, ఇక్కడ వారం మొదలు. వాళ్ళు గురువారం పరీక్షకి వస్తున్నారు. అరీజ్ పద్నాలుగు నెలలు కూర్చుని ఈ పీపా డిజైను గీసింది.

"పీపా మెడ దగ్గర వేడిగాలి కొడితే అంకె లేస్తోంది డాక్టర్. ఇంకెక్కడ కొట్టినా ఉలకదు. తేడా మెడలోనే ఉంది," అన్నాడు సుఫ్యాన్. పంపుల పని అతనిదే.

"మెడ వెల్డింగు ఎవరిది?"

అందరికీ తెలుసు. ఎవరో వర్క్‌షాపులోంచి అబూ రాతిబ్‌ని పిలుచుకొచ్చారు. ఆయన హోమ్స్ నుంచి వచ్చిన సిరియా మనిషి. యాభై దాటాయి. ఎనిమిది నెలలుగా యూనివర్సిటీ ఇప్పించిన పని అనుమతి కాగితం మీద ఇక్కడ వెల్డింగు, బిగింపు పనులు చేస్తున్నాడు. వస్తూనే చేతి తొడుగు తీసి, మెడ చుట్టూ ఉన్న అతుకు మీద చూపుడువేలు మెల్లగా తిప్పాడు, పసివాడి నుదురు తడిమినట్టు.

"అతుకు మీద బయటినుంచి హీలియం చల్లారా?"

"చల్లాం. లోపలికి ఒక్క చుక్క రాలేదు," అన్నాడు సుఫ్యాన్.

"రాలేదంటే అతుకు మంచిదేగా డాక్టర్ గారూ."

"బొక్క లేదు, నేనూ ఒప్పుకుంటాను. బుడగలున్నాయి లోపల. మురికి రేకు మీద వెల్డింగు చేశావు, ఆ బుడగల్లోంచి ఊరుతోంది."

"మామా, ఇది బుధవారం గానీ చేశావా ఏంటి?" అన్నాడు సుఫ్యాన్. బుధవారం హోమ్స్‌లో పిచ్చాళ్ళ పండగని ఊరూరా చెప్పుకునే వెక్కిరింత. హాల్లో ఉన్న నలుగురైదుగురూ నవ్వారు. అబూ రాతిబ్ కూడా అలవాటుగా పెదవి కదిపాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు.

"నేను డ్రాయింగు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను," అన్నాడు. అని, తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.

పొర అప్పుడే గిన్నె మూతికి అతుక్కుంది. అరీజ్ ఊపిరి వదిలి తలెత్తింది. ఆయన చూపు ఎదురైంది. ఆ క్షణంలోనే ఆమెకి గుర్తొచ్చింది.

నెలన్నర కిందట ఆయన ఏడో నంబరు డ్రాయింగు కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. 'అమ్మాయ్, మెడలోపల గిన్నె కూర్చునే పీటని పట్టుకునే ఈ పన్నెండు బోల్టులున్నాయే, వీటి బొక్కలకి అడుగు మూసి ఉంది. బోల్టు దిగాక అడుగున గాలి చిక్కుతుంది. అది ఎటు పోతుంది?' అప్పుడామె తెర మీద ఏదో లెక్కలో ఉంది. కళ్ళు తిప్పకుండానే అంది, 'ఉన్నది ఉన్నట్టు చేయండి అబూ రాతిబ్.' ఆయన చేశాడు.

ఇప్పుడా గాలి పన్నెండు బోల్టుల మరల సందుల్లోంచి వెంట్రుకవాసి దారులు వెతుక్కుంటూ బయటికొస్తోంది. రోజులూ వారాలూ వస్తూనే ఉంటుంది. బయట హీలియం ఎంత చల్లినా దొరకదు. వేడి తగిలితే ఉబ్బి ఇంకాస్త బయటపడుతుంది. అంతా సరిపోయింది. అరీజ్ పట్టకారు కింద పెట్టింది.

ముక్కు మీది గుడ్డ కిందికి లాగి గుమ్మంలోకి వచ్చింది. డాక్టర్ ముంజిర్ ఆమెని చూసి గొంతు తగ్గించాడు.

"అరీజ్, నీ పొర ఏమైంది?"

"అతికింది," అంది.

ఆ ఒక్క మాటే అంది.

సోమవారం పొద్దున అబూ రాతిబ్ మరమియ్యా అనే సువాసన ఆకు వేసిన టీ రెండు గ్లాసుల్లో పట్టుకొచ్చాడు. ఒకటి ఆమె ముందు పెట్టి, చంకలోని ఏడో నంబరు కాగితం తీసి, మడతలు సాపు చేసి, గ్లాసు పక్కన పరిచాడు. ఏమీ చూపించలేదు. కావాలంటే బోల్టుల గుర్తుల మీద వేలు పెట్టగలడు, అది ఆమెకే వదిలేశాడు.

"ఒకసారి చూడు అమ్మాయ్. నీకు తీరిక ఉన్నప్పుడే."

"చూస్తాను."

"గురువారానికి నా పని అనుమతి కాగితం గడువు కూడా అయిపోతుంది. డాక్టర్ గారు సంతకం పెడితేనే ముందుకు. అది వేరే సంగతనుకో. నువ్వు దీన్ని చూడు."

"చూస్తానన్నాగా," అంది అరీజ్. గొంతులో విసుగు పలికింది. అది ఎవరి మీద విసుగో ఆమెకి తెలుసు, ఆయనకి తెలిసే దారి లేదు. ఆయన తన గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం డాక్టర్ ముంజిర్ ఆమెని తన గదికి పిలిచాడు. ఆయన బల్ల మీద తినడం సగంలో ఆపిన జాతర్ ఆకుపొడి చల్లిన రొట్టె ఉంది.

"ఆ హోమ్స్ ఆయన డ్రాయింగు, డ్రాయింగు అని పాడుతున్నాడు. సూటిగా అడుగుతున్నాను. నీ డ్రాయింగులో ఏమైనా ఉందా?"

నిజం చెప్పడానికి ఇంతకంటే తేలిగ్గా ఎవరూ తలుపు తెరవరు. లోపలికి అడుగు పెడితే చాలు. అరీజ్ నోరు తెరిచింది. "మెడ గోడ మందం లెక్క మూడుసార్లు చూశాను. తప్పు లేదు," అంది.

అది నిజమే. ఆయన అడిగింది మాత్రం అది కాదు.

"నాకు ఆ మాట చాలు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "కమిటీలో ఏమన్నారో తెలుసుగా? డిజైను ఇటలీలో కొనుక్కోండి, మన ఇర్బిద్ పిల్ల ఏం గీస్తుందీ అన్నారు. గీస్తుందని నేను బల్ల గుద్దాను. గురువారం ఆ పీపా పని చేయకపోయినా ఫరవాలేదు, వెల్డరు పాడు చేశాడని చెప్పుకోవచ్చు. డిజైనే తప్పని తేలితే రెండో యంత్రం డిజైను మన చేతికి రాదు."

"ఆయన్ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, పంపేస్తాను. ఊళ్ళో వెల్డర్లకి కరువా?"

మూడు గంటలకి అబూ రాతిబ్ సామాను సర్దుకోవడం అరీజ్ తన బల్ల దగ్గర నుంచే చూసింది. మాస్కు, తోలు తొడుగులు, టంగ్‌స్టన్ పుల్లలున్న బిస్కెట్ల డబ్బా. అవన్నీ ఆయన సొంతం. యూనివర్సిటీ సామాన్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి గోడ మేకులకి తగిలించాడు. సుఫ్యాన్ తలుపు దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు, ఈసారి జోకేమీ వేయలేదు. పోతూ పోతూ అబూ రాతిబ్ ఆమె గదిలోకి వచ్చి, ఎప్పుడో అరువు తీసుకున్న కొలత పరికరం బల్ల మీద పెట్టాడు.

"సలాం, ఇంజనీర్ గారూ," అన్నాడు.

ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ఆయన ఆమెని అలా పిలవలేదు.

మంగళవారం పొద్దున తల్లి తెచ్చిపెట్టిన ఫూల్, చిక్కుడుగింజల ముద్ద, ఉన్న గిన్నెని అరీజ్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "చెంచాతో తింటారు, వేళ్ళతో బల్ల మీద రాయరు," అంది తల్లి. అప్పుడు చూసుకుంది, ఆమె చూపుడువేలు నూనె తడితో బల్ల మీద సున్నాలు చుడుతోంది. పన్నెండు చుట్టిందో లేదో లెక్కపెట్టకుండా తుడిచేసింది.

ఏడింటికల్లా హాల్లో ఉంది. ఇంకా ఎవరూ రాలేదు. పంపులు ఆపింది, పీపాలోకి పొడి నైట్రోజన్ వదిలింది, బుస్సుమన్న చప్పుడు సన్నగిల్లేదాకా ఆగి మెడ పక్కన మూత విప్పింది. గిన్నెని జాగ్రత్తగా తీసి గంట ఆకారపు గాజు మూత కింద పెట్టింది. తర్వాత మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి, కనబడకుండానే ఒక్కొక్క బోల్టు వెతికి విప్పడం మొదలుపెట్టింది. మొదటిది వదులైనప్పుడు వేలికి సన్నగా ఏదో తగిలినట్టనిపించింది. గాలే కావచ్చు, భ్రమే కావచ్చు.

పన్నెండు బోల్టులు తెల్లగుడ్డ మీద వరసగా పేర్చింది. ఒకటి బల్లకున్న వైసులో బిగించి, మర మీద నిలువునా ఆకురాయి వేసింది. మర ఒక పక్క తలనుంచి కాలిదాకా చదునుగా అరిగిపోతే చాలు, బోల్టు బిగించినా ఆ పక్కన దారి మిగులుతుంది, అడుగు గాలి తేలిగ్గా బయటికి వచ్చేస్తుంది. పని చిన్నదే. డ్రాయింగులో ఒక గీత ఉంటే అబూ రాతిబ్ అర్ధగంటలో ముగించేవాడు. ఆమె చేతిలో స్టెయిన్‌లెస్ ఉక్కు మొండికేసింది. ఆకురాయి జారి బొటనవేలు గీరుకుంది. మూడో బోల్టుకి అరచేతిలో బొబ్బ లేచింది, అయిదో దానికి పగిలింది. చేతికి గుడ్డ చుట్టుకుని ఆరోది బిగించింది.

"బోల్టులు అరగదీస్తున్నావేంటి?"

సుఫ్యాన్ ఎప్పుడొచ్చాడో చూడలేదు. ఆమె ఆకురాయి ఆపలేదు. అతను గుడ్డ మీంచి ఒక బోల్టు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత మెడలోకి టార్చి కొట్టి చూశాడు. అతని ముఖం మెల్లగా మారింది.

"అడుగు మూసిన బొక్కలు," అన్నాడు. "అంటే... మామ నాతో కూడా అన్నాడు ఈ మాట, వెల్డింగు చేసిన రోజే. 'ఈ బోల్టులు ఊపిరాడక చస్తాయిరా' అన్నాడు. నేను హోమ్స్ జోకనుకుని నవ్వాను."

"నాతోనూ అన్నాడు. నేను నవ్వలేదు. అసలు వినలేదు."

సుఫ్యాన్ బోల్టు కింద పెట్టాడు. రెండో ఆకురాయి తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి మిగతావి అరగదీశారు. పొడి పోయేదాకా ఎసిటోన్‌లో రెండుసార్లు కడిగి ఆరబెట్టి, తొడుగులేసుకుని మళ్ళీ బిగించి, గిన్నెని లోపల పెట్టి మూత వేశారు. పన్నెండింటికి పంపులు మొదలయ్యాయి. పీపా చుట్టూ వేడి పట్టీలు కట్టి నూటయాభై డిగ్రీలకి పెట్టారు.

బుధవారం పొద్దున పట్టీలు చల్లారాక సుఫ్యాన్ మీటరు ముందు కూర్చుని పిలిచాడు. మైనస్ ఎనిమిది. పదింటికి మైనస్ తొమ్మిది. అతను మెడ మీద వేడిగాలి కొట్టాడు. అంకె కదల్లేదు.

పద్నాలుగు నెలలుగా అరీజ్ ఆ అంకె కోసం ఎదురుచూసింది. వస్తే ఏం చేయాలో కూడా ఎప్పుడో అనుకుంది. అందరికీ కునాఫా మిఠాయి తెప్పించాలనుకుంది. ఇప్పుడు తెప్పించలేదు. ఆ అంకె ఆమె మీద సాక్ష్యం చెబుతోంది. తిన్నగా డాక్టర్ ముంజిర్ గదికి వెళ్ళి, వెనక తలుపు వేసి, నిలబడే మొత్తం చెప్పింది. నెలన్నర కిందటి మాటతో మొదలుపెట్టి, మొన్న సోమవారం ఇదే గదిలో తానిచ్చిన జవాబుదాకా.

ఆయన కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకున్నాడు. కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది. కోప్పడాలనే కోరుకుంది.

"మైనస్ తొమ్మిది ఖాయమేనా?"

"ఖాయం."

"అల్‌హందులిల్లా!" ఆయన లేచి కిటికీ దాకా నడిచి తిరిగొచ్చాడు. "సరే, విను. రేపటిదాకా ఎవరితోనూ అనకు. వెల్డింగు దగ్గర చిన్న తేడా ఉండింది, సరిచేశాం అని చెబుతాను. అబద్ధమేం కాదుగా, మెడ దగ్గరే కదా."

"మరి అబూ రాతిబ్?"

"చూద్దాం. రేపు గడవనీ."

ఆమె సరేనని తలూపింది. బయటికొచ్చాక గానీ తలూపినట్టు తెలియలేదు. ఆదివారం మాట్లాడకపోవడానికి భయం కారణమని చెప్పుకుంది. ఇవాళ తలూపినందుకు ఏ కారణం చెప్పుకోవాలి? సాయంత్రం ఇంటికి పోతూ బస్సులో రెండుసార్లు అబూ రాతిబ్ నంబరు తీసింది. రెండుసార్లూ మోగకముందే ఆపేసింది.

గురువారం రింగు వాళ్ళు ముగ్గురొచ్చారు. వాళ్ళకి పెద్ద ఓర్నెల్లా అనే ఇటలీ ఆవిడ. అరవై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, మెడలో తాడుకి వేలాడే భూతద్దం. ఆవిడ మీటరు చూసింది, కాగితాలు చూసింది, పీపా చుట్టూ మూడుసార్లు తిరిగింది. గిన్నెలోకి కార్బన్ మోనాక్సైడ్ వదిలి పొర నిలుస్తుందో లేదో చూశారు. నిలిచింది. విద్యార్థులంతా గోడ వారగా నిలబడి ఉన్నారు.

"మొన్నటిదాకా మైనస్ ఏడు దగ్గరే ఉందని విన్నాను. ఏం చేశారు?" అడిగింది ఓర్నెల్లా.

"వెల్డింగులో చిన్న తేడా ఉండింది. మా అరీజ్..." డాక్టర్ ముంజిర్ మొదలుపెట్టాడు.

"వెల్డింగులో తేడా లేదు," అంది అరీజ్.

తన గొంతు తనకే ఎక్కువగా వినబడింది. అందరూ తిరిగారు. ఆమె పీపా మీద చెయ్యి వేసి నిలబడింది.

"తప్పు నాది. గిన్నె పీటని పట్టే పన్నెండు బోల్టులకి అడుగు మూసిన బొక్కలు గీశాను. గాలి పోయే దారి పెట్టలేదు. వెల్డింగు చేసినాయన ముందే అడిగాడు. నేను వినలేదు."

డాక్టర్ ముంజిర్ చెవులు ఎర్రబడ్డాయి. అరీజ్ తలవంచి నిలబడింది. రానున్నది ఏదైనా సరే రానీ అనుకుంది. రెండో యంత్రం పోతుంది, పేరు పోతుంది. పోతే పోనీ, మోయడానికి ఏదో ఒకటి మీద పడితే చాలు.

ఓర్నెల్లా నవ్వింది, తల వెనక్కి వాల్చి, గట్టిగా.

"పన్నెండేనా? నా మొదటి పీపాలో ముప్పయ్యారు! మా గురువుగారు ఆరు వారాలు నాతో మాట్లాడలేదు. అమ్మాయ్, ఈ తప్పు చేయని డిజైనర్ ఎవరైనా ఉంటే నాకు చూపించు, నేను ఉద్యోగం మానేస్తాను."

మిగతా ఇద్దరూ నవ్వారు. గోడవార విద్యార్థులకి ధైర్యమొచ్చి వాళ్ళూ నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. డాక్టర్ ముంజిర్ ముఖం తేటపడింది. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మా దగ్గర పిల్లలు తప్పు దాచరు మేడమ్. అలా పెంచాం."

"దాచాను," అంది అరీజ్. "మూడు రోజులు దాచాను. ఈ లోపల ఆయన్ని పనిలోంచి తీసేశారు."

"అయ్యో," అంది ఓర్నెల్లా, నిజంగానే నొచ్చుకుని. "మరి పిలిపించండి ఆయన్ని, చక్కటి చెయ్యి." ఆ మాట అంటూనే భూతద్దం కంటికి పెట్టుకుని గీతల పలక పెట్టె వైపు వంగింది. "ఇక ఇది చూద్దాం. దీని కోణం ఎలా మారుస్తారు?"

అంతే. రెండో యంత్రం డిజైను కూడా ఈ అమ్మాయే చేయాలని భోజనాల దగ్గర ఆవిడే అంది. మాంసం, అన్నం కలిసిన మన్సఫ్ పళ్ళెం చుట్టూ నిలబడి అందరూ తింటుండగా అరీజ్ ఉత్తరం టైపు చేసి తెచ్చింది. స్పెక్ట్రోమీటరు వెల్డింగు నిర్దోషమని, లోపం డిజైనులో ఉందని, అబూ రాతిబ్‌ని తిరిగి తీసుకోవడానికి విభాగం సిద్ధమని అందులో ఉంది. డాక్టర్ ముంజిర్ ఎడమచేత్తో పట్టుకుని చదివి, కుడిచేతి వేళ్ళు తుడుచుకున్నాడు. "ఇంతేనా? ఇటియ్యి," అని సంతకం పెట్టి, మళ్ళీ పళ్ళెం వైపు తిరిగాడు.

అబూ రాతిబ్ షెడ్ల వీధిలో గేట్లు, కిటికీ చువ్వలు చేసే దుకాణంలో ఉన్నాడని సుఫ్యాన్ కనుక్కున్నాడు. యూనివర్సిటీ ముద్ర ఉన్న బండి దుకాణం ముందు ఆగేసరికి లోపల వెల్డింగు మెరుపులు టక్కున ఆరిపోయాయి. ఇద్దరు మనుషులు వెనక తలుపులోంచి జారుకున్నారు. అరీజ్ బండి దిగి, అదంతా తనని చూసేనని అర్థమై, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"కాగితాలు అడిగే ఇన్స్పెక్టర్ కాదు. నాకు తెలిసిన పిల్ల," అంటూ నిలబెట్టిన రేకుల వెనక నుంచి అబూ రాతిబ్ వచ్చాడు. మాస్కు నుదుటి మీదికి తోసుకుని ఉంది. సలాములయ్యాయి. ఆయన కూర్చోమనలేదు.

"మైనస్ ఎంత?" అన్నాడు.

"తొమ్మిది. ఇవాళ ఇంకా దిగింది. మెడ మీద వేడి కొట్టినా కదల్లేదు."

ఆయన కళ్ళలో ఏదో వెలిగింది. దుకాణం యజమాని వైపు తిరిగాడు. "విన్నావా? మైనస్ తొమ్మిది!"

"మైనస్ అంటే నష్టమేగా? దానికి సంబరమెందుకు?" అన్నాడు యజమాని టీ చప్పరిస్తూ.

"నీకు తెలియదులే." అబూ రాతిబ్ నవ్వుకుంటూ ఆమె ఇచ్చిన ఉత్తరం అందుకున్నాడు. పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. నవ్వు తగ్గింది.

"బాగా రాశావు. దీన్ని ఎవరికి చూపించాలి?"

"ఆదివారం నుంచే రావచ్చు మీరు. డాక్టర్ గారు..."

"నా కాగితం సోమవారం మధ్యాహ్నమే రద్దయింది. ఈ ఊళ్ళో ఏ కాగితమూ అంత తొందరగా కదలడం నేను చూడలేదు. కారణం 'పనిలో లోపం' అని రాశారు. అది ఉన్నంతకాలం ఇంకెవరూ నాకు కాగితం ఇప్పించలేరు."

అరీజ్‌కి ఇది తెలియదు. గురువారం దాకా గడువుందనే అనుకుంది. "నన్ను క్షమించండి అబూ రాతిబ్. నాకు ఆదివారమే..."

"తెలుసు. నీకు గుర్తురావడం నేను చూశాను."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే ఏమవుతుంది? హోమ్స్‌వాడు తప్పించుకోడానికి ఆడపిల్ల మీదికి తోశాడంటారు. అది నువ్వు చెప్పాల్సిన మాట. టీ తెచ్చి మరీ అడిగాను."

యజమాని చూపు తిప్పుకున్నాడు. వీధిలో ఎవరో రేకు కోస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక అబూ రాతిబ్ ఉత్తరం మడిచి ఆమెకి తిరిగి ఇచ్చాడు.

"కొత్త కాగితం కోసం ఆఫీసుల చుట్టూ నేను తిరుగుతాను," అంది అరీజ్. అని ఆగింది. పెద్దవాళ్ళు అలాంటప్పుడు 'నీకెందుకమ్మా శ్రమ' అంటారు. ఆ మాట కోసం తను ఎదురుచూస్తున్నానని తెలిసి సిగ్గేసింది.

అబూ రాతిబ్ లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులోవి ఒక్కొక్కటే తీసి చూపించి మళ్ళీ పెట్టాడు. "ఇది పాస్‌పోర్టు. అసలుది, జాగ్రత్త. ఇది శరణార్థి కార్డు నకలు. ఫొటోలు నాలుగు. శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఎనిమిదింటికి తెరుస్తారు, ఏడింటికే క్యూ కట్టాలి. నేను రాలేను, కాగితం లేని మనిషిని లోపలికి రానిస్తారు గానీ ఎటు పంపుతారో తెలియదు."

సంచి ఆమె చేతిలో పెట్టాడు. గుడ్డ చుట్టిన అరచెయ్యి అప్పుడు చూశాడు. మాస్కు కిందికి దించుకుని తను అతుకుతున్న గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆదివారం కార్మిక శాఖ కార్యాలయంలో ఆమె వంతు పదకొండింటికి వచ్చింది. కిటికీ వెనక గుమాస్తాకి జలుబు. చీదుకుంటూ కంప్యూటర్‌లో నంబరు కొట్టాడు.

"దీనికి 'పనిలో లోపం' అని ఉంది. సంస్థ వాళ్ళు కారణం మార్చి రాసివ్వాలి."

"నేను సంస్థ తరఫునే వచ్చాను." ఉత్తరం లోపలికి తోసింది. ఆయన ఒక ఫారం ఇచ్చాడు. అరీజ్ కిటికీ గట్టు మీదే రాసింది: 'పనిలో లోపం లేదు. డిజైనులో లోపం.'

గుమాస్తా చదివాడు. "డిజైను ఎవరిది?"

"నాది."

"ఉద్యోగంలోనే ఉన్నావా?"

"ఉన్నాను."

ఆయన కళ్ళద్దాల మీంచి మొదటిసారి ఆమెని చూశాడు. కోపమేం లేదు, లెక్క కుదరనివాడు చూసే చూపు. "తప్పు నీదైతే కాగితం అతనిది ఎందుకు పోయింది?"

ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వెనక క్యూలో ఎవరో "తొందరగా కానీ అమ్మా" అన్నారు.

"నేను మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు," అంది అరీజ్.

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అది రాయడానికి ఇందులో గడి లేదు," అన్నాడు. ముద్ర కొట్టి వెనక్కి ఇచ్చాడు. "పైఅంతస్తు, ఆరో కిటికీ. అక్కడా ఇదే అడుగుతారు."

ఆమె సంచి గుండెకి ఆనించుకుని మెట్లెక్కింది. ఆరో కిటికీ ముందు క్యూ మలుపు తిరిగి మెట్లదాకా ఉంది. చివరి మనిషి వెనక నిలబడింది.